వెనకనుంచి మోత

“మూడేళ్ళుగా నీ కాళ్ళతో కాపురం చేస్తున్నా. ఇక నా వల్ల కాదు!”

ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. భర్త మెకానిక్కు. ఎప్పుడు చూసినా ఏదో ఒక బండి కిందే ఉంటాడు, బయటికి కనిపించేవి రెండు కాళ్ళే. షెడ్డు ఇద్దరూ కలిసి నడుపుతున్నదే, గ్రీజు ఇద్దరి చేతులకూ సమానంగానే అంటుతుంది. మాటలు మాత్రం ఆమె ఒక్కతే మాట్లాడుకోవాలి.

“ఊఁ,” అన్నాయి కాళ్ళు.

“అక్క దగ్గరికి పోతున్నా. మళ్ళీ రాను.”

“ఊఁ... పోతూ పోతూ ఆ పద్నాలుగో నంబరు స్పానర్ ఇటు పడేసి పో.”

స్పానర్ నిజంగానే వచ్చి పడింది, మోకాలికి జానెడు దూరంలో. తర్వాత ధడేల్మని తలుపు వేసిన చప్పుడు, తమ సొంత బండి స్టార్టయిన చప్పుడు. కోపం తగ్గితే అదే వస్తుందిలే అనుకుని అతను పని చూసుకున్నాడు.

అరగంట తర్వాత బయటికి దొర్లుకుంటూ వచ్చి చేతులు తుడుచుకుంటుంటే, మూలనున్న ట్రే మీద చూపు పడింది. ట్రే నిండా నల్లటి పాత ఆయిల్.



పొద్దున తమ బండికే వెనక డిఫరెన్షియల్ ఆయిల్ మార్చడం మొదలుపెట్టాడు. వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బా అది. పాతది దింపాడు. కింది బోల్టు బిగించాడు. ఇంతలో ఎవరో కస్టమర్ పిలిస్తే వెళ్ళాడు. మరి కొత్తది పోశాడా? ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. పరిగెత్తి వెళ్ళి ఆయిల్ డ్రమ్ములోకి తొంగి చూశాడు. అందులో ఎంత తగ్గిందో ఆ దేవుడికే తెలియాలి. పోయలేదు. పోసి ఉంటే గుర్తుండదా!

అసలే నాలుగు చక్రాలకూ లాగుడుండే బండి. వాళ్ళక్క ఇంటికి పోవాలంటే కొండ దాటాలి. ఆయిల్ లేని గేర్లు ఆ ఎక్కుడు మీద ఎంతసేపు తిరుగుతాయి? ముందు కాగుతాయి, తర్వాత ఒక్కసారిగా పట్టేస్తాయి. ఏ మలుపులోనో వెనక చక్రాలు బిగుసుకుపోతే, పక్కన లోయ.

“బుద్ధుందా నీకు, మనిషివేనా!” అని తనను తానే తిట్టుకుంటూ ఫోన్ చేశాడు. కట్ చేసింది. మళ్ళీ చేశాడు. మళ్ళీ కట్. నాలుగోసారికి ఎత్తింది.

“ఏం, స్పానర్ దొరకలేదా?”

“బండి ఆపు! వెనక డిఫరెన్షియల్‌లో చుక్క ఆయిల్ లేదు. పొద్దున దింపి, పోయడం మర్చిపోయాను. నీకు దణ్ణం పెడతా, ఆపు!”

అవతల బండి ఆగిన జాడ లేదు. ఇంజన్ చప్పుడొక్కటే వినిపిస్తోంది.

“వింటున్నావా? వెనకనుంచి మోత ఏమైనా వస్తోందా?”

“...వస్తోంది.”

“ఎలా వస్తోంది?”

“ఎవరో ఏడుస్తున్నట్టు.”

గేర్లు అరిగిపోయేటప్పుడు వచ్చే మోత అచ్చం అలాగే ఉంటుంది.

“పక్కకి తీసి ఆపు. చక్రాలకి రాళ్ళు పెట్టు. దిగి దూరంగా నిలబడు. వచ్చేస్తున్నా!”

షెడ్డుకి తాళం కూడా వెయ్యలేదు. ఆయిల్ డబ్బా కాళ్ళ మధ్య, ఆయిల్ ఎక్కించే పంపు భుజానికి, షెడ్డులో ఉన్న స్కూటర్ కొండెక్కింది. ప్రతి మలుపులోనూ ముందు లోయలోకి చూస్తున్నాడు, తర్వాతే రోడ్డు వైపు. ఒకచోట రోడ్డు పక్క గోడ విరిగి ఉంది. స్కూటర్ ఆపి దగ్గరికెళ్ళి చూస్తే, విరిగినచోట నాచు పట్టి ఉంది. ఎప్పటిదో పాతది. అమ్మయ్య అనుకుని మళ్ళీ స్కూటరెక్కాడు. దానికేమైనా అయితే ఆ షెడ్డెందుకు, తనెందుకు అనిపించింది.

ఇంకో రెండు మలుపులు దాటాక కనిపించింది. బండి రోడ్డు పక్కన చదునుగా ఉన్నచోట ఆగి ఉంది, ఆమె రాయి మీద కూర్చుని ఉంది. అతను స్కూటర్‌కి స్టాండు కూడా వెయ్యలేదు, అది వెనకాల దబ్బున పడింది. వెనక్కి తిరిగి చూడలేదు. ఆమె రెండు భుజాలూ పట్టుకుని మొహంలోకి చూశాడు.

“నీకేమైనా అయ్యుంటే నేనేమైపోయేవాణ్ణే?” అంటూ నడిరోడ్డు మీద చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

ఆమె అతని మొహం పరీక్షగా చూసింది.

“మీసం ఎప్పుడు తీసేశావు?”

“పోయిన మంగళవారం.”

“కూర్చో. కాసిని మంచినీళ్ళు తాగు.”

“ఉండు, ముందు ఆయిల్ పోసేస్తా. గేర్లు ఏ మాత్రం మిగిలాయో ఏమో!” అని కళ్ళు తుడుచుకుని బండి కిందికి దూరాడు. ఆయిల్ పోసే పక్క బోల్టుకి స్పానర్ తగిలించి, గుండె చిక్కబట్టుకుని తిప్పాడు.

బోల్టు ఊడి రాగానే గోరువెచ్చటి ఆయిల్ మోచేతిదాకా కారింది. తేనెరంగులో, శుభ్రంగా, కొత్తది. వేలు పెట్టి చూశాడు. అంచుదాకా నిండుగా ఉంది.

“ఏమే... ఇందులో ఆయిల్ ఉందే!”

“ఉంటుంది.”

“మరి మోత వస్తోందన్నావు?”

ఆమె వచ్చి బండి పక్కన గొంతుక్కూర్చుని కిందికి తొంగి చూసింది.

“మోతా లేదు, పాడూ లేదు. పొద్దున ఆయిల్ పోసింది నేనే.”