తెగని దారి

“ఈ తెల్లగా కనిపించేది గడ్డకట్టిన రక్తం,” తెర మీద మెదడు స్కాన్ చూపిస్తూ అంది డాక్టరు. “చేతిని కదిలించే నరాల దారి దీని పక్కకి ఒత్తుకుపోయింది గానీ తెగలేదు. కుడిచెయ్యి మళ్ళీ లేచే అవకాశం బాగా ఉంది.”

“అయితే నా కొడుకు మునుపటిలా అవుతాడన్నమాట!” అత్తగారి కళ్ళు చెమర్చాయి.

చక్రాల కుర్చీలో ఉన్న భర్త చొంగ తుడుస్తున్న కోడలి చెయ్యి ఆగిపోయింది. ఇన్నాళ్ళూ అతని మలమూత్రాలు ఎత్తినప్పుడు కూడా ఇంత రోత పుట్టలేదు.

అతను తెర వైపు చూడలేదు. భార్యని చూసి, వంకరపోయిన మూతితో నవ్వాడు. చెయ్యి చేసుకునే ముందు ఎప్పుడూ నవ్వే నవ్వే అది.

“రోజూ ఇంట్లో వ్యాయామం చేయించాలి. ఎవరు చేయిస్తారు?” అడిగింది డాక్టరు.

“నా కోడలుందిగా డాక్టరమ్మా!”

“ఆ చెయ్యి లేస్తే ఎవరి మీద లేస్తుందో మీకు తెలీదా అత్తయ్యా?”

అత్తగారు గొంతు తగ్గించింది. “తెలీకేం? పక్క గదిలోనేగా పడుకునేది. మగాడన్నాక కోపంలో ఒకటి వేస్తాడే. అంతమాత్రానికి జీవితాంతం వాడలా పడుండాలా?”

గోడ అవతలికి వినపడదనే ఇన్నేళ్ళూ అనుకుంది కోడలు.

తడి తువ్వాలు అత్తగారి చేతిలో పెట్టింది.

“పడుండక్కర్లేదు, బాగుపడనీండి. డాక్టరుగారూ, ఆ వ్యాయామమేదో ఈవిడకి నేర్పండి. చెయ్యి లేచేనాటికి ఆ ఇంట్లో నేనుండను.”