వేడిగాలి పోయే దిక్కు

సౌందర్య కొడుకుకు పుట్టుకతోనే చెమట పట్టని జబ్బు. ఎండాకాలం వాడు ఏసీ గది దాటితే బతకడు. అందుకే ఆమె చలికాలంలో కూడా ఏసీ జాలీలు కడుగుతుంది, వానాకాలం పోగానే సర్వీసు చేయిస్తుంది.

అయినా మే నెల మిట్టమధ్యాహ్నం ఏసీ ఉన్నట్టుండి చల్లగాలి ఇవ్వడం మానేసింది. బోధన్‌లో ఏ మెకానిక్కూ ఫోన్ ఎత్తలేదు. పిల్లాడి ఒళ్ళు కాలిపోతోంది. వాడి మీద తడిబట్ట కప్పి ఆమె ఇంటి వెనక సందులోకి పరుగెత్తింది.

గోడకున్న బయటి యూనిట్‌కు ఎవరో గోనెపట్టా బిగించి కట్టారు. సౌందర్య దాన్ని పీకి పారేసింది.

"ఎవల్ కట్టిండ్రు గిది? నా కొడుకును సంపుతరా?"

సందుకు అవతలి రేకుల ఇంట్లోంచి గంగుబాయి వచ్చింది. ఆమె చేతుల్లో నెల నిండని మనవరాలుంది.

"నేనే కట్టిన బిడ్డా. నీ మిషన్ వేడిగాలి సక్కగ మా కిటికీలకే అస్తది. బంద్ వెట్టుమంటె ఎట్ల వెడతవు, నీకూ కొడుకున్నడాయె. పొద్దుగాల్నించి పొల్ల పాలు తాగుతలేదు. ఏడుస్తగూడ లేదు."

సౌందర్య రెండు చేతులూ చాపింది.

"ఇటియ్యవ్వా. మా ఏసీ రూంలకు తీస్కపోదాం, నువ్వూ రా."

చేతికందిన ఆ పసి ఒళ్ళు తన కొడుకు ఒంటికన్నా వేడిగా ఉంది.