లావుపాటి డాక్యుమెంటేషన్

“ఏందమ్మా ఇది, కరపత్రం మాదిరి?” ఫైనలియర్ జరీనా ఇచ్చిన ఎనిమిది పేజీలను కాశయ్య సార్ రెండు వేళ్లతో ఎత్తి టేబుల్ మీద పడేశాడు.

“నా ప్రాజెక్టు డాక్యుమెంటేషన్ సార్. ప్రోగ్రాం ఎట్ల పనిచేస్తాదో నేనే రాసినా. చదవండి.”

“చదివేదానికి టైమేడుంది? త్రిపురాంతకం బస్సు దొరకదు మళ్లా. అందరూ కంప్యూటర్లో ఒక్క కమాండ్ కొట్టి లావుగా తెచ్చినారు. నీకు చాతకాదా?”

జరీనా ల్యాబ్ కంప్యూటర్ ముందు కూర్చుంది. ఒక ఫోల్డర్‌లోకి పోయి ఆ కమాండే కొట్టింది. అందులోని కోడ్‌కంతా సాఫ్ట్‌వేర్ టూలే వివరణ రాసేసింది. ప్రింటర్ ఆగకుండా కాగితాలు కక్కింది.

సార్ ఆ కట్టను అరచేతిలో తూచి చూసుకున్నాడు. “డాక్యుమెంటేషనంటే ఇట్లుండాల!” అంటూ పై పేజీ మీద సంతకం గీకాడు.

“ఒక్క పేజీ చదివినా తెలిసేది సార్. అది నా ప్రాజెక్టు కాదు. పోయినేడాది మీరు రాసిన అటెండెన్స్ ప్రోగ్రాం.”

సిగ్గుతో తల దించుకుంటాడేమోనని జరీనా చూసింది.

ఆయన కట్టను మళ్లీ ఎత్తి చూశాడు. ముఖం వెలిగిపోయింది.

“నేను ఇంత రాసినానా! నాకూ ఒక కాపీ తియ్యమ్మా.”