కుండ దించిన రోజు

పెరటి గుమ్మంలో నిలబడ్డావిడ రవిక చెయ్యి మోచేతి పైదాకా మడిచి, ఆ చేతిని కోడలి ముందుకి చాపింది.

"కుండ దించారా అమ్మాయ్?"

కోడలికి ఏమీ అర్థం కాలేదు.

కుండ దించిన మాట నిజమే. గుగ్గిలం కరిగించి, నూనె కలిపి, గుడ్డలో వడకట్టి పొయ్యి పక్కన పెట్టింది. సబ్బులోకైనా, చర్మానికి రాసే మలాములోకైనా అదే పాకం. దాని వాసన వీధి చివరిదాకా వెళ్తుంది కాబట్టి ఆవిడకి తెలియడంలో వింత లేదు. చెయ్యెందుకు చాపిందన్నదే వింత.

చెయ్యంతా మచ్చలు. కొన్ని నల్లవి, కొన్ని తెల్లబారినవి, ఒకటో రెండో ఇంకా మానీ మాననివి.

"మందు కావాలంటే ముందువైపు కొట్టుకి రండి," అంది కోడలు.

"మందు నాకెందుకమ్మా?" ఆవిడ నవ్వింది. "పెద్దమ్మగారికి చెప్పు, నేనొచ్చానని."

పెద్దమ్మగారంటే అత్తగారు. ఈ మలాముతోనే ఇల్లు నిలబెట్టిన మనిషి. పక్షవాతం వచ్చి నోరు పడిపోయి, లోపలి గదిలో మంచం పట్టింది.

"ఆవిడకి మాట రావడం లేదండీ. ఇప్పుడు కుండ పని నాదే. సంగతేంటో నాకు చెప్పండి."

ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. ఏదో చెప్పబోయి ఆగింది.

"ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకున్నారమ్మా. నలుగురికీ తెలిస్తే కొట్టుకి మంచిది కాదన్నారు. నువ్వు ఇక్కడ కాస్త పాకం పెట్టు, చాలు. రేపొస్తాను."

పాకం పెట్టాలట, ఎందుకని మాత్రం అడక్కూడదట. కోడలు తల గోక్కుంది.

అంతలో కొట్లోంచి మొగుడొచ్చాడు. ఆ చెయ్యి చూసి ఉలిక్కిపడి, భార్యని పక్కకి లాగాడు.

"ఈ మచ్చలావిణ్ణి మన గుమ్మంలో చూస్తే జనం ఏమనుకుంటారు? మన మలాము రాసుకునే ఇలా అయిందనుకోరూ? అందులోనూ ఇవాళ."

ఇవాళ మామూలు రోజు కాదు. పసిపిల్లల ఆసుపత్రి వాళ్లు మొదటిసారి మలాము అడిగారు, ఒరుసుకుపోయిన లేత చర్మానికి రాయడానికి. అది వాళ్లకి నచ్చితే, అత్తగారితో పాటే మంచం పట్టిన కొట్టు లేచి కూర్చుంటుంది. నచ్చకపోతే తాళం వేసుకోవడమే.

"చూడండి, మాకు పనుంది," అంటూ కోడలు తలుపు వెయ్యబోయింది.

ఆవిడ తలుపుకి చెయ్యి అడ్డం పెట్టింది. "ఇవాళే పంపేస్తారా? ఒక్క రోజు ఆగమ్మా. పెద్దమ్మగారు ఎప్పుడూ ఆగేవారు."

"మేం ఆగితే వాళ్లు ఇంకో కొట్టు చూసుకుంటారు," అని మొగుడే తలుపు మూశాడు.

లోపలి గదిలో అత్తగారు ఎడంచేత్తో మంచం కోడు మీద దబదబా కొడుతోంది. దాహమేమోనని కోడలు నీళ్లు పట్టింది. గ్లాసు తోసేసింది. చలేమోనని దుప్పటి కప్పింది. దాన్నీ లాగేసింది. ఆవిడకి ఏం కావాలో తెలిస్తే ఒట్టు.

సాయంత్రానికి మలాము డబ్బాలు ఆసుపత్రికి వెళ్లాయి.

మర్నాడు మధ్యాహ్నానికల్లా తిరిగొచ్చాయి. రాసిన చోటల్లా పసివాళ్ల ఒళ్లు కందిపోయిందట.

"భయం లేదు, తగ్గిపోతుంది. కానీ పిల్లలు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లారమ్మా. ఇక మీ మందు మాకొద్దు," అని చెప్పి వెళ్లింది నర్సు.

కోడలు ఒక డబ్బా మూత తీసి వాసన చూసింది. కొట్టు సంగతి తర్వాత, ఆ ఏడుపు మాటే ఆమె గుండెని పట్టుకుంది. ఎక్కడ పొరపాటు జరిగింది? మంట అంతే, నూనె అదే, వడకట్టిన గుడ్డ కూడా అత్తగారిదే.

"ఆ మచ్చలావిడే ఏదో చేసుంటుంది," అన్నాడు మొగుడు.

"కుండ దగ్గరికే రాలేదు కదండీ."

"చూసింది కదా. చాలదూ?"

కోడలికి నమ్మబుద్ధి కాలేదు. అలాగని నమ్మడానికి ఇంకో కారణమూ దొరకలేదు. వెళ్లి ఆ మచ్చలావిడ గురించి ఎదురింటి దర్జీని అడిగింది.

"ఆవిడా? పొద్దున్నే గది ఖాళీ చేసి వెళ్లిపోయిందమ్మా. ఈ వీధిలో ఇక తనతో ఎవరికీ పనిలేదంది. ఎక్కడికని అడిగితే చెప్పలేదు. పాపం, కాస్త ఎండ తగిలినా దద్దుర్లు తేలే ఒళ్లు."

కోడలికి ఇంకా గజిబిజి అయింది. కుండ అడుగున మిగిలిన పాకం గిన్నెలో తెచ్చుకుని అత్తగారి మంచం పక్కన కూలబడింది.

"అన్నీ మీరు నేర్పినట్టే చేశాను అత్తయ్యా. ఏం మర్చిపోయానో తెలియడం లేదు."

అత్తగారు ఎడంచేత్తో కోడలి చెయ్యి దగ్గరికి లాక్కుంది. రవిక చెయ్యి మోచేతి పైదాకా తోసింది. వేలితో కాస్త పాకం తీసి చర్మం మీద చుక్క పెట్టింది. ఆ వేలితోనే కిటికీలోని పొద్దుని చూపించి, అది కుంగి మళ్లీ లేచినట్టు గాల్లో ఒక చుట్టు చుట్టింది.

తర్వాత పెరటి తలుపు వైపు తిరిగి, ఎవరో రావాల్సినట్టు అటే చూస్తూ ఉండిపోయింది. కళ్లు నిండిపోయాయి.

తెల్లారేసరికి కోడలి చేతి మీద, చుక్క పెట్టిన చోటే, ఎర్రటి మచ్చ తేలింది.

దాన్ని చూస్తూ చూస్తూ ఉండగా అప్పుడర్థమైంది ఆమెకి, ఆవిడ చేతి మీదున్న ఒక్కో మచ్చా అత్తగారు గుమ్మం దాటనివ్వకుండా పారబోసిన ఒక్కో కుండ అని.