పెదవుల మాట

భేస్తాన్‌లో ఆ రోజు మరమగ్గాలకు వారానికోసారి వచ్చే సెలవు. రాత్రి వీధంతా నీళ్లలో మునిగినట్టు నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దానికే నవతకు మెలకువ వచ్చింది.

పక్కన భర్త లేడు. పరుశురాం కిటికీ దగ్గర నిలబడి, ఎదురుగా తాళం వేసిన మగ్గాల కార్ఖానా వైపు చూస్తున్నాడు. చిన్న బల్బు వెలుగులో కిటికీ అద్దంలో అతని ముఖం తేలుతోంది. పెదవులు కదులుతున్నాయి, గొంతు మాత్రం లేదు.

మగ్గాల మోతలో మాట వినపడదు కాబట్టి పనివాళ్లు అలాగే మాట్లాడుకుంటారు. కానీ ఇప్పుడు మోత ఎక్కడుంది?

పెళ్లిచూపుల్లో అతను ఒక్కటే అడిగాడు. "పిల్ల ఎన్నడన్న సాంచెలు నడిపిందా?" భివండిలో నాలుగేళ్లు ఆ మరమగ్గాలే నడిపిన నవత, తల్లి కళ్లతో సైగ చేస్తే, లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది.

ఇప్పుడు ఆ పెదవులను తేలిగ్గా చదివేసింది.

"జర ఓపిక పట్టు, సుభాషిణీ. దీనికి ఏం తెల్వది."

సుభాషిణి అతని మొదటి భార్య. రెండేళ్ల కిందట ఆ కార్ఖానాలోనే చనిపోయిందని అతనే చెప్పాడు.

భయం కంటే ముందు నవతలో పాత అలవాటు కదిలింది. మగ్గాల దగ్గర ఎవరు పెదవి కదిపినా బదులివ్వాల్సిందే. గొంతు లేకుండానే ఆమె పెదవులు అడిగేశాయి.

"ఎవరితోని మాట్లాడుతున్నవ్?"

ఆమె ముఖం కూడా అదే అద్దంలో ఉంది. పరుశురాం పెదవులు ఆగిపోయాయి. అతను వెనక్కి తిరగలేదు. ఆ పెదవులే మళ్లీ మెల్లగా, శబ్దం లేకుండా కదిలాయి.

"ఏ కార్ఖానల నేర్చుకున్నవ్?"