ఎదురు నడక

"ఎన్నా సార్, ఈ పొద్దయినా ఆయమ్మను అడగతారా, లేదా?" గేటు దగ్గర బీడీ ఆర్పుతూ అడిగాడు వాచ్‌మన్ పెరియస్వామి.

సుబ్బరాయులు వినపడనట్టు చెప్పుల దుమ్ము దులుపుకున్నాడు. వేలూరులోని ఆ కాలేజీలో ఆయన తెలుగు అయ్యవారు. సాయంత్రం కాలేజీ చుట్టూ నడవడం ఆయనకున్న ఒకే ఒక్క సుఖం. కొండల మీద ఎండ ఎర్రబడుతుంది. వేపచెట్ల కింద గాలి చల్లబడుతుంది. పొద్దంతా అరిచిన క్లాసు గదులు నోరు మూసుకుంటాయి. అద్దె గదిలో ఒంటరితనం గొంతు పట్టుకుంటుంది కానీ, ఈ దారిలో అదీ మర్యాదగా వెనకే నడుస్తుంది.

ఆ వేళకే ఆడపిల్లల హాస్టలు వార్డెను కస్తూరి కూడా నడకకు వస్తుంది. ఆయన కుడివైపు తిరిగితే ఆమె ఎడమవైపు తిరుగుతుంది. ఆడా మగా పక్కపక్కన నడిస్తే లోకం ఊరుకుంటుందా? అందుకని ఎదురు నడక. చుట్టుకు రెండుసార్లు ఎదురుపడతారు, బావి దగ్గర, మళ్ళీ లైబ్రరీ వెనక. ఆగకుండానే ఒక మాట అనుకుని దాటిపోతారు. వేలూరు ఎండల్లో కూడా కస్తూరి పైటను మెడచుట్టూ నిండుగా కప్పుకునే ఉంటుంది. అంత పద్ధతైన మనిషని పేరు.

"మీరు పళ్ళికొండ గుడికి పోయే శనివారమే ఆయమ్మా వాళ్ళ ఊరికని గుడియాత్తం బస్సెక్కుతాది. దోవలోనే కదా పళ్ళికొండ, ఒకే బస్సు! అప్పుడైనా అడగకూడదా?" పెరియస్వామి వదల్లేదు. "పెండ్లయితే వార్డెను ఉద్యోగం పోతాదని ఆయమ్మకు బయం. వాళ్ళ నాయన పక్షవాతంతో మంచంలో ఉండాడు. చెల్లెలికి చదువు. ఈయమ్మ జీతమే కదా వాళ్ళకు కూడు! అయినా అడగండి సార్. రేపు మీరు ఊరు వదిలి పోతా ఉండారు."

అదీ నిజమే. ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. తెలుగు పిల్లలు అటు వెళ్ళారు, ఇక్కడ తెలుగు క్లాసు మూతపడింది. సుబ్బరాయులుకు కర్నూల్లో పని దొరికింది. పొద్దున్నే కాట్పాడిలో రైలు.

బావి దగ్గర కస్తూరి ఎదురైంది.

"దగ్గు తగ్గెనా అయ్యవారూ?"

"తగ్గింది. మీ నాయనకు ఎట్లుండాది?"

"అట్లనే ఉండాడు."

లైబ్రరీ వెనక మళ్ళీ ఎదురైంది. సుబ్బరాయులు అడిగేశాడు.

"నాతో కర్నూలుకు వచ్చేయకూడదా?"

ఆమె ఆగలేదు. జవాబు కోసం ఆయన మళ్ళీ బావి దాకా నడవాల్సి వచ్చింది. ఆ దారి అంత పొడుగని అంతవరకూ ఆయనకు తెలియదు.

"వచ్చేస్తే నాయనకు మందులు ఎవరు కొంటారు?" అంది బావి దగ్గర.

"నేను పంపిస్తా," అన్నాడు లైబ్రరీ వెనక.

"మీ జీతం ఊళ్ళో మీ అమ్మకు పంపేదానికే చాలదు," అంది తర్వాతి చుట్టులో.

"అయితే నేనూ ఈడనే ఉండిపోతా."

ఈసారి కస్తూరి ఆగింది. అట్లా ఆగడం అదే మొదలు. కళ్ళల్లో నీళ్ళు నిలిచాయి.

"ఏం తిని ఉంటారు? పొండి. నన్ను ఇట్లనే ఉండనీండి."

హాస్టలు గంట మోగింది. ఆమె పైట సర్దుకుని గబగబా వెళ్ళిపోయింది. సుబ్బరాయులు ఇంకో చుట్టు ఒక్కడే నడిచాడు. బావి దగ్గర అలవాటుగా తలెత్తాడు. ఎదురుగా ఎవరూ లేరు.

"ఏమన్నాది సార్?" గేటు తీస్తూ అడిగాడు పెరియస్వామి.

"రానన్నాది."

"పోనీండి సార్, మనసు చెడగొట్టుకోవద్దండి. నెల నెలా పళ్ళికొండకు పోయి ఆ రంగనాథసామికి మొక్కుతారే, ఆయన ఊరికే ఉంటాడా? కర్నూల్లో మంచి పిల్లను చూసి పెండ్లి చేసుకోండి."

సుబ్బరాయులు నవ్వబోయాడు, చేతకాలేదు. హాస్టలు మేడ మీద వార్డెను గదిలో దీపం వెలిగింది. ఆయన దాన్నే చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు.

కస్తూరి పైట కింద దాచుకున్న తాళి ఆయన కట్టిందే.