ఉతకకూడని ప్యాంటు

"ఆ ప్యాంటు విప్పి ఇస్తావా, నన్నే లాక్కోమంటావా?"

లక్ష్మీదేవమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పార భుజాన వేసుకుని పొలానికి బయల్దేరిన మొగుడు చెన్నప్ప ముసిముసిగా నవ్వాడు. పెళ్ళినాటి నుంచీ పంచె తప్ప ఎరగని మనిషి, అరవై దగ్గరపడ్డాక జీన్సు ప్యాంటెక్కించాడు. మూడు నెలలుగా చేలో కంప కొట్టడానికి అదే, గొర్రెలు తోలడానికీ అదే. మట్టి కొట్టుకుపోయినా ఉతకనివ్వడు.

"ఎవరిచ్చినారయ్యా నీకిది?"

"ఇచ్చినోళ్ళు ఇచ్చినారు. చెప్పనని మాటిచ్చినా. నీకు చెప్తే రాయదుర్గమంతా చెప్పినట్లే."

"ఎందుకిచ్చినారు?"

"వేసుకోమనే. ప్యాంటు ఇంకెందుకిస్తారే, తినేదానికా?"

బీడీ ముట్టించుకుని పోయాడు. నిజం చెప్పాలంటే ప్యాంటు అతనికి భలే నప్పింది. ఆ మాట ఆమె పైకి అంటుందా మరి? రాయదుర్గంలో తను దారాలు కత్తిరించే జీన్సు కుట్టు యూనిట్ ప్యాంటే అది. వెనక జేబు కుట్టు చూసి ఇవాళే గుర్తుపట్టింది. ఆ మధ్య తనకు సద్ది తెచ్చినప్పుడు కాజేశాడనుకుంది. ఓనరు రాఘవేంద్ర ఆమెను నమ్మి గోడౌను తాళాలే చేతిలో పెట్టాడు. ఇప్పుడు ఏ ముఖం పెట్టుకుని ఆ గడప తొక్కేది?

ఆదివారం చెన్నప్ప పంచె కట్టుకుని కల్యాణదుర్గంలో పెళ్ళికి పోయాడు. అతనలా పోగానే, ఆ కరువు ఊళ్ళో ఆమె ట్యాంకరు నీళ్ళు రెండు బిందెలు పోసి, సబ్బు పెట్టి, బండకేసి బాది ఉతికింది. దొంగసొత్తయినా మురికిగా తిరిగివ్వడానికి మనసొప్పలేదు పాపం.

సోమవారం యూనిట్‌కు పోయేసరికి ఆఫీసు గదిలో బెంగళూరు కంపెనీ మేడం ఉంది. లక్ష్మీదేవమ్మ సంచి పట్టుకుని తలుపు పక్కనే ఆగింది.

"జీన్సును పాతదానిలా వెలిసేలా చేయడానికి ఎన్ని నీళ్ళు పారబోశారని విదేశాల వాళ్ళు అడుగుతున్నారు, రాఘవేంద్ర గారూ," అంటోంది మేడం.

"ఈడ బోర్లే ఎండిపోయినాయి మేడం. అందుకే కొత్త మిషను పెట్టినాం. నీళ్ళొద్దు, కరెంటొద్దు, మందులొద్దు."

"పొగ?"

రాఘవేంద్ర తటపటాయించాడు. "అప్పుడప్పుడు కొంచెం వస్తాది."

"శాంపిల్ చూసి ఆర్డరిస్తాను. ఎప్పుడిస్తారు?"

"ఇంకో వారం మేడం. మంచి మిషనే గానీ తొందరపెడితే మొండికేస్తాది."

లక్ష్మీదేవమ్మ ఇక ఆగలేకపోయింది. లోపలికి పోయి ప్యాంటు తీసి బల్లమీద పెట్టింది.

"తప్పయిపోయింది సార్. మా ఆయన మీ ప్యాంటు ఎత్తుకొచ్చినాడు. మంచోడే సార్, ఏం బుద్ధి పుట్టిందో! నన్ను పన్లోంచి తీసేయండి, ఆయన్నేమీ అనొద్దండి."

రాఘవేంద్ర ప్యాంటు అందుకుని వాసన చూశాడు. నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"ఉతికినావా తల్లీ?"

"బండకేసి బాది మరీ ఉతికినా సార్."

మేడం ఈలోగా ప్యాంటును తన వైపు లాక్కుంది. మోకాళ్ళ దగ్గర వెలిసిన రంగును వేలితో తడిమి చూసింది. ఆమె కళ్ళు మెరిశాయి.

"అద్భుతంగా ఉంది! ఇంత సహజంగా చేసిన మిషను ఏదండీ?"

రాఘవేంద్ర లక్ష్మీదేవమ్మ వైపు చూసి, నవ్వాపుకోలేకపోయాడు.

"ఈమె మొగుడే, మేడం."